నేను పడవ అని రాసిన విమానం

మోటారు వాహనాల తనిఖీ ఉద్యోగంలో ముప్ఫై రెండేళ్ళు ఉన్నాను. జనం మమ్మల్ని ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు. బ్రేకు ఇన్‌స్పెక్టరు అన్నారు. మా మామగారు నా పెళ్ళి శుభలేఖలో కూడా వరుడి పేరు కింద బ్రేకు ఇన్‌స్పెక్టరు అనే అచ్చు వేయించారు. ఆ మధ్య మా శాఖలో కొత్తగా చేరినవాళ్ళు కొందరు ఇంటికి వచ్చి, మీ అనుభవాలు రాసిపెట్టండి, మాకు పనికొస్తాయి అన్నారు. సరేనని కూర్చుని ముందు నేను బాగా చేసిన పనులన్నీ రాశాను. ఎనిమిది పేజీలు వచ్చాయి. మర్నాడు చదువుకుంటే నాకు నేనే సన్మాన పత్రం రాసుకున్నట్టుంది. చింపేశాను.

ఇప్పుడు రాస్తున్నది వేరు. ఇందులో ప్రమోషన్లు లేవు, ఫారాలు లేవు. అవి మీకు ఆఫీసు గుమాస్తాలే నేర్పుతారు. నేను ఒక మనిషికి చేసిన అన్యాయం ఇందులో ఉంది. అది దాచిపెట్టి మిగతావి ఎన్ని చెప్పినా మీ ముందు తలెత్తుకోలేను.

చెయ్యి పెట్టి చూడటం

ముందు పని సంగతి కొంచెం చెప్పాలి. నేను చేరిన కొత్తలో విజయనగరంలో వేశారు. ఒరిస్సా కొండల నుంచి సాలూరు ఘాటీ దిగి వచ్చే లారీలు మా చేతిలోకి వచ్చేవి. బండి ఆగగానే డ్రైవరుతో మాట్లాడకండి. వాడు చెప్పే కథ మీ చెవిలో పడితే ఇక మీ కళ్ళు పనిచెయ్యవు. తిన్నగా చక్రాల దగ్గరికి వెళ్ళి, బ్రేకు డ్రమ్ముకి దగ్గరగా అరచెయ్యి పెట్టండి. ఘాటీ దిగిన బండికి అన్నీ వేడిగా ఉండాలి. ఒకటి చల్లగా ఉందంటే ఆ చక్రానికి బ్రేకు పడటం లేదన్నమాట. ఇది పుస్తకంలో లేదు. నా మొదటి పై అధికారి నేర్పారు.

ఆయన చాలా మంచి పనిమంతుడు. ఎండలో లారీ కింద పడుకుని లేచి, చొక్కా దులుపుకుని, అదే చేత్తో జర్దా కిళ్ళీ వేసుకునేవారు. ఆయన నాకు నేర్పినవాటిలో తొమ్మిది మంచివి, ఒకటి చెడ్డది. ఆ చెడ్డది ఇది: "ఫారంలో గడి ఖాళీగా వదలకు. ఖాళీగా ఉన్న గడి చూస్తే పైవాడికి నువ్వు పని చెయ్యలేదనిపిస్తుంది. ఏదో ఒకటి రాయి, రాశాక దాని మీద నిలబడు." ఇరవై ఆరేళ్ళ వయసులో ఈ మాట నాకు చాలా గొప్పగా వినిపించింది.

తర్వాత కొత్తవలస దగ్గర ఒక కేసు వచ్చింది. లోయలో కాలిపోయిన లారీ అస్థిపంజరం. నంబరు ప్లేటు లేదు. బండి నాదంటే నాదని ఇద్దరు యజమానులు. నేను కిరసనాయిలు, గరుకు కాగితం పట్టుకుని ఒక పూటంతా కూర్చుని, ఫ్రేము మీద తుప్పు గీకి, కొట్టిన అంకెలు పట్టుకున్నాను. అంతే, పోలీసుల్లో నా పేరు మోగిపోయింది. ఇనుప ముక్క చూపిస్తే బండి జాతకం చెప్పేస్తాడు అన్నారు. నిజానికి నాకు తెలిసినవి ఓ పది పన్నెండు రకాల బండ్లు. అయితే ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పొగడ్త వింటూ కూర్చున్నాను. ఇదే నా మొదటి తప్పని ఇప్పుడు అనుకుంటాను.

తాటాకు పాక

అరవయ్యో దశకం చివర్లో నన్ను శ్రీకాకుళం బదిలీ చేశారు. ఒక వేసవి ఉదయం ఒక స్టేషన్ ఎస్సై జీపు వేసుకుని మా ఆఫీసుకి వచ్చారు. స్టేషన్ పేరు, ఊరి పేరు రాయను. శ్రీముఖలింగానికి దిగువన, వంశధార ఒడ్డున ఒక ఊరు అనుకోండి. దారిలో సంగతి చెప్పారు. ఆ రోజుల్లో బియ్యం ఒరిస్సా వైపు దాటించకూడదని కట్టడి ఉండేది. ఏటి ఇసకలో తాటి కమ్మల కింద దాచిన బియ్యం బస్తాలు కొన్ని దొరికాయి. వాటికి యజమాని లేడు. ఇంతలో ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఆ ఊళ్ళో ఒక వడ్రంగి మూడేళ్ళుగా తలుపులు మూసుకుని పాకలో ఏదో పెద్దది కడుతున్నాడట, ఎవర్నీ లోపలికి రానివ్వడట.

"పడవే అయ్యుంటుంది. ఏట్లో దింపితే ఒరిస్సా ఎంతసేపు? కాని మేము పడవ అంటే కోర్టు ఒప్పుకోదు. మీలాంటి టెక్నికల్ వాళ్ళు అనాలి" అన్నారు ఎస్సై.

ఈ వాక్యం విన్నప్పుడే నేను జీపు దిగిపోవాల్సింది. వాళ్ళకి కావలసింది చూపు కాదు, సంతకం. మీకు కూడా ఇలాంటి జీపులు వస్తాయి. ఎక్కేముందే సమాధానం చెప్పేసే మనిషి పక్కన కూర్చోవలసి వస్తే, ఆయన మాట బండి దిగేటప్పుడు అక్కడే వదిలేసి దిగండి. నేను మోసుకుని దిగాను.

వడ్రంగి పేరు అప్పలాచారి. యాభై దాటిన మనిషి, సన్నగా, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు, ఒక చెవి వెనక పెన్సిలు. భయపడలేదు. ఎవరో ఎట్టకేలకు చూడటానికి వచ్చారన్నట్టు కొంచెం సంతోషంగానే తలుపు తీశాడు. వెనకే ఆయన భార్య పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

లోపల రెండు ముక్కాలి పీటల మీద ఒక పొడుగాటి చట్రం బోర్లించి ఉంది. సన్న సన్న బద్దలు, మధ్యలో అడ్డ బద్దలు, అక్కడక్కడ పలచటి చెక్క రేకు అంటించి ఉంది. ఒక చివర వెడల్పు, ఇంకో చివరికి వచ్చేసరికి జానెడు. నా కంటికి అది ఒడ్డున బోర్లించిన పడవలానే కనబడింది. జీపులో విన్న మాట ముందే కళ్ళ మీద కూర్చుంది కదా.

"ఏమిటయ్యా ఇది?" అని అడిగాను.

"ఇమానం బాబూ" అన్నాడు అప్పలాచారి.

ఎస్సై నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన మాత్రం నొచ్చుకోకుండా, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

"యుద్ధం రోజుల్నుంచి కలకత్తా కాడ ఇమానాల షెడ్డులో వడ్రంగం సేసినాను బాబూ, తొమ్మిదేళ్ళు. రెక్కలిరిగినవన్నీ మా సేతికే వొచ్చీవి. ఇది ఒక్క మనిసి ఎక్కీది. సిన్నది. గీసుకున్న కాయితాలేటీ నేవు, అంతా సేతిలోనే ఉన్నాది."

"మరి ఇంజనేదీ?" అన్నాను.

"ఇంజను తరవాత సూసుకుంతాను బాబూ. ముందు మేను అవ్వాల కదా."

ఇక్కడ ఆగి మీకు ఒకటి చెప్పాలి. మా వృత్తిలో మనిషి కన్ను ఒక వరసకి అలవాటు పడిపోతుంది. ముందు ఇంజను నంబరు, తర్వాత ఛాసిస్ నంబరు, తర్వాత చక్రాలు. ఈ మూడూ లేనిది మాకు వాహనమే కాదు. విమానమైనా ముందు ఇంజనుతోనే మొదలవ్వాలని నేను అనుకున్నాను. వడ్రంగి ఒంటితో మొదలుపెడతాడని నాకు తట్టలేదు. చక్రం లేదు, ఇంజను లేదు, నంబరు లేదు, కాబట్టి ఇది నేల మీద పోయేది కాదు. ఇక మిగిలింది నీళ్ళు. అంత తెలివిగా లెక్క తేల్చాను. ఆకాశం ఒకటి ఉందన్న సంగతి, ఆయన నోటితో చెప్పినా, నా లెక్కలోకి రాలేదు.

పాక వాసానికి కట్టలు కట్టలుగా ఏవో వేలాడుతున్నాయి. అప్పలాచారి ఒకటి దింపి నా చేతికిచ్చాడు. మనిషి చేయి చాచినంత పొడవు. మీద వంపు, కింద సమం, లోపల సన్నపు పుల్లల అల్లిక. ఓడరేవులో పారేసిన పెట్టెల దేవదారు చెక్క, టీ పెట్టెల పలచటి రేకు. చేట కన్నా తేలిక. ఇలాంటివి ఇరవై పైనే ఉన్నాయి, అన్నీ ఒకే కొలత, ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇవి రెక్కలో పక్కటెముకలు బాబూ. తూకం సూడండి" అన్నాడు.

నేను చేత్తో అటూ ఇటూ తిప్పి చూసి, తేలిక రకం కలప అని నోట్‌బుక్కులో రాసుకున్నాను. పడవ ఎముకలైతే చివరలకి పోయేకొద్దీ చిన్నవవ్వాలి గాని అన్నీ ఒకే కొలత ఎందుకుంటాయి అన్న ప్రశ్న వేసుకోలేదు.

మాతో వచ్చిన కానిస్టేబుల్ ఎర్రయ్యది కళింగపట్నం, చేపల వేట కుటుంబం. అతను చట్రం చుట్టూ ఒకసారి తిరిగొచ్చి నా పక్కన నిలబడి మెల్లిగా అన్నాడు.

"సార్, మా పడవలకి లోపల ఎముకలే ఉండవండి. పలకకి పలక కొబ్బరి తాడుతో కుట్టేస్తాం. దీనికేటో ముందు మొండిగా కోసేసినట్టున్నాది. అల కొడితే ఏటయిపోవాల? ఇదేటో నాకు తెల్దు గాని పడవ కాదండి."

"నువ్వు ఇన్‌స్పెక్టరువా?" అన్నారు ఎస్సై.

నేను ఆ మాట అనలేదు. అంతకన్నా చెడ్డ పని చేశాను. పెద్దమనిషి తరహాలో, "సముద్రం పడవ వేరు, ఏటి పడవ వేరు" అన్నాను. ఏటి పడవ కట్టడం నేను జన్మలో చూడలేదు. సముద్రం పడవైనా ఒడ్డున నిలబడి చూసినవాణ్ణే. పుట్టినప్పటి నుంచి పడవల్లో పెరిగినవాడికి పడవ గురించి పాఠం చెప్పాను. ఎర్రయ్య చేతులు కట్టుకుని వెనక్కి జరిగాడు.

చివరకి పైడమ్మ నోరు విప్పింది. ఆవిడ మాట్లాడింది మొగుడికి సాయం చేద్దామని కాదు, మూడేళ్ళ కోపం దించుకుందామని.

"ఇంట్లో రెండావులున్నాయి బాబూ, ఆ పాలన్నీ దీనికే. ఇరగ్గొట్టి, ముద్ద కడిగి ఎండబెట్టి, సున్నం కలిపి జిగురు సేస్తాడు. ఆ జిగురు నీళ్ళలో నానితే ఇడిపోద్ది. అందుకని ఈ పాకకి ఏటేటా కొత్త కమ్మ కప్పిస్తాడు. మేం పడుకునే ఇంటికి మాత్రం కప్పించడు. వొండుకున్న కుండలో సుక్క పడతన్నాది."

"పైన గుడ్డ తొడిగి వార్నీసు కొడితే తడి తగల్దే" అన్నాడు అప్పలాచారి ఆవిడతో, మేమంతా లేనట్టు.

"అప్పటికి మనముంతామా?" అంది ఆవిడ.

జిగురు: పాలు, సున్నం, అని నోట్‌బుక్కులో రాసుకున్నాను. చూడండి, విన్నాను, రాసుకున్నాను కూడా. నీళ్ళు తగిలితే విడిపోయే జిగురుతో ఎవడైనా పడవ కడతాడా? చిన్నపిల్లవాడికి తట్టే మాట. నాకు తట్టలేదని చెప్పను. ఏదో ఒక క్షణం తట్టింది. తట్టినప్పుడు ఎస్సై ముఖం కేసి చూశాను. ఆయన గడియారం చూసుకుంటున్నారు.

రిపోర్టు అక్కడే, జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశాను. "పూర్తికాని చెక్క పడవ. తేలిక కలప. మనుషులను, సరుకును ఏరు దాటించడానికి ఉద్దేశించినదిగా కనబడుతున్నది." ఇందులో సరుకు అన్న మాట నన్నెవరూ అడగలేదు. ఎస్సై గారికి అది ఉంటే బాగుంటుందని నాకే తోచి రాశాను. సంతకం పెట్టాను. సాయంత్రానికి అప్పలాచారిని తీసుకెళ్ళిపోయారు. చట్రాన్ని ఎద్దుబండి మీద స్టేషన్ ఆవరణలోకి చేర్చారు. పక్కటెముకల కట్టలు కూడా దాని మీదే వేశారు.

తెలిసిన రోజు

ఇంతవరకు చెప్పినది తెలివితక్కువతనం. దానికి సిగ్గుపడొచ్చు, క్షమించమని కూడా అడగొచ్చు. దీని తర్వాతది అలాంటిది కాదు.

వానలు మొదలయ్యాక మా శాఖ వాళ్ళు నన్ను మద్రాసుకి ఆరు వారాల శిక్షణకి పంపించారు. ఒక ఆదివారం మాలో కొందరిని సరదాగా విమానాలు నేర్పే ఒక క్లబ్బుకి తీసుకెళ్ళారు. అక్కడి షెడ్డులో ఒక చెక్క విమానం రిపేరులో ఉంది. ఒక రెక్కకి గుడ్డ ఒలిచేసి పెట్టారు. లోపల వరసగా పక్కటెముకలు. మీద వంపు, కింద సమం, లోపల సన్నపు పుల్లల అల్లిక. అన్నీ ఒకే కొలత.

అక్కడ పనిచేసే ముసలి మెకానిక్‌ని పట్టుకుని, ఇది దేనితో అంటిస్తారు అని అడిగాను.

"పాత వాటికి పాల జిగురు సార్. బలే గట్టిది. ఒక్క తడే దానికి శత్రువు" అన్నాడు.

తిరిగొచ్చాక తిన్నగా నా పాత పై అధికారి దగ్గరికి విజయనగరం వెళ్ళాను. ఆయన అప్పటికి రిటైరు కాబోతున్నారు. అంతా విన్నారు. కిళ్ళీ నమిలి ఉమ్మి, తాపీగా అన్నారు.

"కేసు నడుస్తోందా?"

"వచ్చే నెల విచారణ అండి."

"ఇప్పుడు నువ్వు లేచి, నేను చూసింది తప్పు అన్నావనుకో. నువ్వు ఇదివరకు రాసిన ప్రతి రిపోర్టూ రేపు ప్లీడర్లు బయటికి లాగుతారు. కొత్తవలస లారీతో సహా. చూసుకో మరి."

ఆయన నన్ను బెదిరించలేదు. నిజమే చెప్పారు. నేను భయపడింది కూడా దానికే. ఆ రోజు నుంచి నేను తెలియనివాణ్ణి కాను.

ఆ వారంలోనే ఏదో పని కల్పించుకుని ఆ స్టేషన్‌కి వెళ్ళాను. ఆవరణలో చట్రం గోడ పక్కన పడి ఉంది. పడి ఉంది అనడం కూడా తప్పే. వానకి జిగురంతా తెల్లటి బురదలా కారిపోయి, బద్దలు దేనికవి విడిపోయాయి. పక్కటెముకలు కొన్ని పుల్లలు పుల్లలుగా మట్టిలో కలిసిపోయాయి. ఆరినవాటిని ఏరి పొయ్యి దగ్గర పేర్చారు. ఎర్రయ్య కాపలాలో ఉన్నాడు. నన్ను చూసి లేచి సెల్యూట్ కొట్టాడు.

"మీరు రాసిన పడవ సార్," అన్నాడు, "ఏట్లోకి దిగకుండానే, వానకే ఇడిపోనాది."

అతని గొంతులో వెటకారం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. నేను వెనక్కి తిరిగి బస్సెక్కాను.

విచారణ

కోర్టులో నన్ను అడిగింది మూడే ప్రశ్నలు. మీరు ఫలానా రోజున ఆ వస్తువుని చూశారా? చూశాను. ఇది మీ సంతకమేనా? నాదే. ఆ వస్తువు ఏమిటి?

అప్పలాచారి బోనులో నిలబడి ఉన్నాడు. రెండు నెలల పైన రిమాండులో ఉండి బాగా తగ్గాడు. చెవి వెనక పెన్సిలు లేదు. ఆయన ముఖం కేసి చూడకుండా ఉందామని మేజిస్ట్రేటు గారి కుర్చీ వెనక గోడ చూస్తూ, "పడవ అని నా అభిప్రాయం" అన్నాను.

ముద్దాయి ఏమైనా చెప్పుకుంటాడా అని అడిగారు. ఆయనకి ప్లీడరు లేడు. చేతులు జోడించి నా వైపు తిరిగాడు.

"బాబుగారు పెద్దోరండి. ఆయన్ని తప్పనను. ఆ రోజు సీకటి పాకలో సూసినారు, బోర్లించి ఉన్నాది, ఎవురికైనా అలగే ఉంతాది. టేసను కాడ ఎలుతురున్నాది కదా. మరోసారి తిరగేసి సూడమనండి. సూస్తే తెలిసిపోతాది."

ఆయనకి తెలియదు. అది ఇంకా నిలబడి ఉందనే అనుకుంటున్నాడు. స్టేషన్‌లో ఎవరూ చెప్పలేదు, రిమాండులో ఉన్నవాడికి ఎవరు చెబుతారు?

మేజిస్ట్రేటు గారు మంచివారే. నా వైపు చూసి, "మరోసారి పరీక్షిస్తారా? వాయిదా ఇస్తాను" అన్నారు.

నాకు ఇంత అవకాశం ఎవరూ ఇచ్చి ఉండరు. తప్పు ఒప్పుకోవలసిన అవసరం కూడా లేదు. "చూస్తాను" అంటే చాలు. వాయిదా పడేది, నేను మద్రాసులో చూసింది చెప్పుకోవడానికి వారం దొరికేది, మిగిలిన పుల్లల్ని పేర్చైనా చూపించేవాణ్ణి. పైగా ఆ వస్తువు ఏ స్థితిలో ఉందో కోర్టుకి తెలిసేది. సరిగ్గా అందుకే భయపడ్డాను. "అవసరం లేదండి. స్పష్టంగానే ఉంది" అన్నాను.

అప్పలాచారి చేతులు జోడించే ఉంచాడు. తలాడించాడు కూడా, నా మాట ఏదో అర్థమైనట్టు.

బియ్యం దొంగ రవాణా కింద ఆరు నెలలు వేశారు. బస్తాలు ఆయనవని ఎవరూ చూపలేదు. పడవ ఆయనది కాబట్టి బస్తాలు కూడా ఆయనవే అయ్యాయి.

నాకు నేను చెప్పుకున్నవి

చాలా ఏళ్ళు నాకు నేను ఒక సమాధానం చెప్పుకుంటూ వచ్చాను. ఆ రోజుల్లో కొండల వైపు నక్సలైట్ల గొడవలు. ఎవడో అనుమతి లేకుండా దొంగచాటుగా విమానం కడుతున్నాడని నేను రాసి ఉంటే, ఆయన్ని బియ్యం దొంగ కంటే పెద్ద పేరు పెట్టి ఎక్కడికి తీసుకుపోయేవారో. పడవ అని రాసి నేను ఆయన్ని కాపాడాను. ఈ మాట మా ఆవిడకి కూడా చెప్పాను. ఆవిడ విని, "ఆయన్నడిగారా?" అంది.

ఈ వాదన అబద్ధం. జీపు బానెట్ మీద రాసేటప్పుడు నాకు ఆయన క్షేమం గుర్తే లేదు. కోర్టులో గోడ చూస్తున్నప్పుడు కూడా లేదు. నాకు గుర్తున్నది నా పేరు ఒక్కటే. మీలో ఎవరైనా ఎప్పుడైనా నేను వాడి మంచికే అలా రాశాను అని చెప్పుకుంటుంటే, ఆ మనిషి ఎదురుగా ఆ మాట అనగలరేమో ఒకసారి ప్రయత్నించండి.

ఇంకొకటి. తప్పుగా చూడటం నేరం కాదు. నేను తర్వాత కూడా ఎన్నో బండ్లు తప్పుగా చూశాను, సరిదిద్దుకున్నాను, తిట్లు తిన్నాను, ఏమీ కాలేదు. ప్లీడర్లెవరూ నా పాత రిపోర్టులు లాగలేదు. మా పై అధికారి భయపెట్టినంత ఘోరం ఏదీ ఈ ఉద్యోగంలో జరగదు. ఒక రోజు ముఖం ఎర్రబడుతుంది, అంతే. ఆ ఒక్క రోజుకి దడిసి ఒక మనిషి మూడేళ్ళ పని, ఆరు నెలల బతుకు, ఊళ్ళో పేరు అంతా ఇచ్చేశాను. ఆయనవి, నావి కావు.

పైడమ్మ ఇంట్లో

రిటైరైన ఏడాదికి ధైర్యం చేసి ఆ ఊరు వెళ్ళాను. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేద్దామనే వెళ్ళాను. మద్రాసు సంగతి, స్టేషన్ ఆవరణ సంగతి, కోర్టులో నేను తెలిసే అన్న మాట సంగతి. బస్సులో కూర్చుని ఆ మాటలు వరసలో పెట్టుకున్నాను.

పాక లేదు. ఆ చోట్లో బెండ మొక్కలున్నాయి. పైడమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. కళ్ళు బాగా మందగించాయి. నేనెవరో చెప్పాను. ముందున్న కత్తిపీట పక్కకి జరిపి, నన్ను పోల్చుకోవడానికి చాలాసేపు చూసింది.

"బేకు ఇనస్పెట్రు బాబా" అంది. "ఆయన పోయి నాలుగేళ్ళయిపోనాది బాబూ."

అరుగు మీద చాప వేసి కూర్చోమంది. కోడలి చేత టీ పెట్టించింది. నేను ఏమీ అడగకుండానే చెప్పుకొచ్చింది. జైలు నుంచి వచ్చాక ఆయన తిన్నగా స్టేషన్‌కే వెళ్ళాడట, సామాను ఇప్పించమని. ఎర్రయ్య ఒక సంచీ నిండా పుల్లలు ఏరి ఉంచి ఇచ్చాడట. దాన్ని తెచ్చి విప్పి చూసుకుని, మళ్ళీ మూతి కట్టేసి, ఆ తర్వాత విమానం మాట ఎత్తలేదట. తలుపులు, మంచాలు, పాడెలు, ఎవరేం చెబితే అది చేశాడట. ఊళ్ళో కొందరు బియ్యం దొంగ అన్నారు, కొందరు ఆయనకి వినబడేలా ఆకాశం కేసి చూసి నవ్వారు.

"మిమ్మల్ని మాత్రం ఒక్కనాడూ ఏటీ అన్నేదు బాబూ" అంది. "నానే తిట్టీదాన్ని. ఆయన ఒప్పీవోడు కాడు. 'ఒసే, ఆ బాబు లారీలు సూసుకునే మనిసి. ఇమానం ఎక్కడ సూస్తాడు? తెలీక రాసినాడు. తెలిసుంటే అలగ అనీవోడు కాడు' అనీవోడు. కోర్టు కాడ కూడా మీ మొకం సూసి అదే అనుకున్నాడంట. పాపం, తెలీని మనిసిని మళ్ళీ సూడమంటే ఏటి సూస్తాడు, నాదే తప్పు అన్నాడు."

టీ గ్లాసు చేతిలో ఉంది. వరసలో పెట్టుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. ఆయన నాకు ఒక తప్పు క్షమించి పోయాడు. నేను చేసింది అది కాదు. దాని మీద దుప్పటి తీసేస్తే ఈవిడ ఇన్నేళ్ళు దాచుకున్న ఆయన మాట కూడా పోతుందని ఒక సాకు తట్టింది. సాకులు నాకు ఎప్పుడూ బాగానే తడతాయి.

పైడమ్మ ముందుకి వంగి, మసకబడిన కళ్ళతో నా ముఖంలోకి చూసింది.

"నిజంగానే తెలీదు కదా బాబూ, అప్పుడు మీకు?"

"తెలీదమ్మా" అన్నాను.

ఆవిడ మనసు తేలికపడ్డట్టు తలూపి, మళ్ళీ కత్తిపీట దగ్గరికి లాక్కుంది.